స్మరణ ధర్మము

పెద్ద సేద్యపు కుటుంబమున నొక గృహిణి గతించినప్పుడు దశదినకర్మనాడు బంధువులు చెప్పుకొను మాటలు దాదాపు ప్రతి యింటను ఒక్కటే. "అన్నము పెట్టిన చేయి. ఎవరిని నొప్పించి యెరుగదు. తనకని యేదియు కోరలేదు. త్యాగమూర్తి." ఈ మాటలు ప్రేమతో పలికినవే. ఆ కన్నీరు కపటము కాదు. అయినను ప్రేమతో పలికినంతమాత్రమున మాట సత్యమగునా? మనము ప్రేమించిన స్త్రీని స్మరించుటకు ధర్మమైన రీతి యెట్టిది? చదువరు లీ ప్రశ్నను నాతో కూడ కొంత విచారింపవలెనని కోరుచున్నాను.

విచారణకు నాకు తెలిసిన జీవితమునే గైకొందును. నల్లగొండనుండి మిర్యాలగూడెము పోవు దారిలో మాడుగులపల్లి ప్రాంతమున మా నాయనమ్మ కాపురము. అత్తమామలు, నలుగురు మరదులు, తోడికోడండ్రు, పిల్లలు, పాలేర్లు. పూటకు ఇరువది కంచములకు తక్కువ లేచెడివి కావు. ఆమె కాపురమునకు వచ్చిననాటికి అవి జొన్న, కంది, ఆముదము పండు మెట్టపొలములు. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప ఎడమకాలువ క్రింద క్రమముగా వరి వచ్చెను. అది ఊరికి భాగ్యము. మా యింటికిని భాగ్యమే. కాని వరి వచ్చెననగా నారు పీకుట, నాటు వేయుట, కలుపు తీయుటయు వచ్చెనని యర్థము. ఈ మూడును ఆడవారి నడుముల మీద నడచు పనులు. ఏ మడిలో నీరు నిలుచునో, ఏ గింజ విత్తనమునకు దాచవలెనో ఆమె నడిగియే మగవారు నిర్ణయించెడివారు.

పుట్టింటివా రామెకు పసుపుకుంకుమల క్రింద రెండెకరముల మెట్ట ఇచ్చిరి. కాలువ వచ్చినపుడు దాని నమ్మి, ఆ సొమ్ముతో కాలువక్రింది భూమి కొనిరి. పట్టా తాతగారి పేర నయ్యెను. అది తన పేర వ్రాయింపుమని ఆమె యొకనా డడిగినదట. "ఇంట్ల నీది, నాది అని రెండున్నయా?" అని అందరును నవ్విరట. ఆమె మరల నడుగలేదు. ఈ సంగతి నాకు మా మేనత్త చెప్పినది. కర్మనాటి సభలో మాత్ర మెవరును చెప్పలేదు. అక్కడ వినబడినది, తనకని యేదియు కోరలేదను మాటయే.

పాణినీయమున క్రియావిషయమున స్వతంత్రమైనదే కర్త; క్రియాసిద్ధికి మిక్కిలి తోడ్పడునది కరణము. చెట్టును నరకుటలో గొడ్డలి యెంత పదునైనదైనను కరణమే. మన స్మృతివాక్యముల నీ దృష్టితో పరీక్షింపుడు. ఆమె చేతులతో ఇల్లు నిలిచినది. ఆమె చెమటతో పొలము పండినది. ఆమెచేత పదిమంది పిల్లలు పెంచబడిరి. అన్నియు తృతీయావిభక్తి వాక్యములే. కోరెను, కాదనెను, కోపగించెను, అడిగెను అను క్రియలకు కర్తగా నామె యెచ్చటను కనబడదు. మనము స్మరించునది మనిషిని గాదు, ఆమెవలన మనకు కలిగిన సుఖమును.

ఇక త్యాగమను మాట. దానమనగా తన స్వత్వమును విడిచి ఇతరునకు స్వత్వము కలిగించుట యని ధర్మశాస్త్రకారులు నిర్వచించిరి. తనది కానిదానిని విడుచుట యెట్లు? ఆ భూమి యామెది కాదందుమా, ఆ విషయమున నామె త్యాగము చేసెననుట అసత్యము. ఆమెదే యందుమా, అప్పుడు త్యాగము నిజమే. కాని పుచ్చుకొన్నవారికి ఋణమును నిజమే. ఆమె శ్రమయు, నిద్రయు, యౌవనమును నిస్సందేహముగా నామెవే గదా. ఎట్లు చూచినను, త్యాగమూర్తి యని పలికిన నాలుక ఋణపత్రము వ్రాసి యిచ్చినట్లే. పొగడ్త దానికి చెల్లు కాదు.

"ఆమె సంతోషముతోనే చేసినది. ఆ తృప్తిని వెతలెక్కగా మార్చుట ఆమె నవమానించుట కాదా?" అని కొంద రనవచ్చును. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. మనుమలు కడుపునిండ తినుచుండగా నామె ముఖమున కనబడిన వెలుగు నేను చూచినదే. దానిని కాదనుట కృతఘ్నత. కాని వద్దనగల స్వేచ్ఛ యున్నచోటనే ఇచ్చుట సంపూర్ణముగా ఇచ్చుట యగును. ఆమె సంతోషమును చెప్పుడు. దాని ప్రక్కనే ఆమె యడిగినదియు, మనము నవ్వినదియు చెప్పుడు. రెండును చెప్పినప్పుడే ఆమె చిత్రము పూర్తియగును.

ఈ సీమలోనే మరియొక విధమైన స్మరణము కలదు. మల్లు స్వరాజ్యము 1931లో కరివిరాల కొత్తగూడెమున భూములుగల కుటుంబమున జన్మించెను. తెలంగాణ సాయుధపోరాటమున రాజక్కయను పేర పనిచేసెను. 1978లోను, 1983లోను తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 2022 మార్చి 19వ తేదీన గతించెను. స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ప్రకటించిన "మనకు తెలియని మన చరిత్ర"లో ఆమెయు, ఆ పోరాటమున పాల్గొన్న ఇతర స్త్రీలును తమ కథలను తమ నోటనే చెప్పుకొనిరి. అందు వాక్యమునకు కర్త "నేను". ఆ గ్రంథమునుండి నేను నేర్చుకొన్నది, ప్రతి స్త్రీయు వీరవనిత కావలెనని కాదు. ఎవరో వారి యెదుట కూర్చుండి యడిగిరని. వంటయింటి స్త్రీకిని "నేను" అని చెప్పుకొనదగిన కథ కలదు. ఆమె నడిగినవారే లేరు.

కర్త యను మాట న్యాయస్థానములలోను కలదు. హిందూ అవిభక్త కుటుంబమున వ్యవహారము నడపువానికే ఆ పేరు. 1956 వారసత్వ చట్టము, వీలునామా లేక గతించిన తండ్రి స్వార్జితమున కూతురికి కొడుకుతో సమాన భాగ మిచ్చెను. ఆంధ్రప్రదేశమున 1986లో చేసిన సవరణ చట్టమును, దేశమంతటికి 2005లో వచ్చిన సవరణయు పిత్రార్జితమునందును ఆమెకు జన్మహక్కు కల్పించెను. పెద్దకుమార్తె కుటుంబమునకు కర్త కాగలదని 2015లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇన్నియున్నను పట్టాలో పేరులేని స్త్రీ వ్యవహారమున రైతు కాదు. తెలంగాణమున 2018లో మొదలైన రైతుబీమా పట్టాదారునికే వర్తించెను. పట్టాలేని యిల్లాలు నాటు వేయుచు మడిలోనే ఒరిగినను, ఆ లెక్కలో రైతు మరణించలేదు.

ఇప్పుడు మా నాయనమ్మ సొమ్ముతో కొన్న ఆ కాలువక్రింది భూమి పంపకమునకు వచ్చినది. మేనత్తకు భాగమున్నదని నే ననగా, "ఆమె అడగలేదు గదా" అనిరి. అడుగకుండుటను మనము ఆడపిల్ల సద్గుణముగా నేర్పితిమి. నేర్పి, ఆ సద్గుణమునే హక్కులేమికి సాక్ష్యముగా చూపుచున్నాము. తల్లి విషయమున జరిగినదే కూతురి విషయమునను జరుగుచుండగా, తల్లిని స్మరించితిమని యెట్లు చెప్పుకొందుము?

కావున నాకు తోచిన స్మరణధర్మ మిది. గతించిన యామెను గూర్చి చెప్పునపుడు ఆమె కోరినదొకటి, కాదన్నదొకటి తప్పక చెప్పవలెను. బ్రతికియున్న తల్లిని, అత్తను, వదినెను తీరికగా కూర్చుండబెట్టి ఆమె మాటను ఆమె మాటగానే వ్రాసికొనవలెను. పంపకమునాడు ఆడపిల్ల యడుగువరకు వేచియుండక, ఆమె భాగమును మనమే ముందుగా కాగితముపై నుంచవలెను. మొదటి రెండింటికి మనస్సు చాలును. మూడవదానికి ఎకరములు కావలెను. మన ప్రేమకు పరీక్ష యక్కడనే.