ఫలము కానరాని నెలలలో కాయకము





కల్యాణశరణులలో నులియ చందయ్యగారి కాయకము తాళ్లు పేనుట. చెరువుల యొడ్డున మొలిచెడి గడ్డిని కోసి తెచ్చి, నులిచి, తాడుగా పేని, దాని నమ్మగా వచ్చిన సొమ్ముతో జంగమదాసోహము జరుపుచుండెడివారు. ఒకనాడు గడ్డి కోయుచుండగా వారి ఇష్టలింగము జారి నీటిలో పడెననియు, వారు దానికై ఆగక మోపు నెత్తికెత్తుకొని సాగిపోయిరనియు, పిదప లింగదేవుడే వెంటబడి వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఈ కథ విని కలతపడువారు మనలో నేటికిని కలరు. మా తండ్రిగారు సైతము, "లింగమును విడిచిపోయిన వానిని మెచ్చుట యెట్లు?" అని స్వాములవారిని ఒకమారు అడిగియుండిరి. స్వాములవారు నవ్వి ఊరకుండిరి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పు శక్తి నాకును లేదు. నేను మనవి చేయదలచినది అందులోని చిన్న సంగతి మాత్రమే.

గడ్డికిని త్రాటికిని నడుమ కొంత కాలము కలదు. పేనుట ఆరంభించిన పిదప చేతిలోనిది గడ్డి కాదు, పశువులకు వేయ పనికిరాదు. అది ఇంకను తాడును కాలేదు, బావిలో చేద వేయ పనికిరాదు. అంగడికి గొనిపోయినను ఎవరును కొనరు. ఆ నడిమి వేళలో చేయి నొచ్చును, ఆకలి వేయును, చూచువారు నవ్వుదురు. చందయ్యగారు లింగమునకై సైతము ఆపని చేయి అది. ఆ నడిమి వేళను గూర్చి వ్రాయుటకు నన్ను పురికొల్పినవాడు మా మేనల్లుడు.

అతడు జహీరాబాదు ప్రాంతమున తండ్రితో కూడి మూడెకరములలో చెరకు, అల్లము పండించుచున్నాడు. డిగ్రీ వరకు చదివెను, ఉద్యోగము దొరకలేదు. 2024 ఉగాది వెళ్లిన పిదప, సాయంకాలము రెండు గంటలు అఫిలియేట్ మార్కెటింగ్ అను పని చేయ మొదలిడెను. మన పెద్దలకు ఈ మాట కొత్త గనుక కొంత వివరింతును. ఇందులో అంగడి తనది కాదు, సరుకు తనది కాదు. ఒక వస్తువును గూర్చి తనకు తెలిసినది వ్రాసియో, ఫోనులో చిత్రీకరించి మాటలాడియో నలుగురికి చెప్పి, అది దొరకు చోటికి దారి చూపు లింకు నొకదానిని క్రింద ఉంచును. ఆ లింకులో అతని గుర్తు దాగియుండును. దానిమీదుగా వెళ్లి ఎవరైన కొనిన యెడల వెలలో కొంత శాతము కమిషను అతనికి చెందును. అమెజాన్ సంస్థ అమెరికాలో 1996లోనే ఈ పద్ధతిని ప్రవేశపెట్టినది. మన దేశములో 2013లో అమ్మకములు ఆరంభించిన పిదప ఇచటను అది వాడుకలోనికి వచ్చినది. పూర్వము మండీలో దళారి, బట్టల దుకాణమునకు బేరము తెచ్చు మనిషి చేసిన పనికి ఇది దూరపు చుట్టము.

వినుటకు సులభముగా నున్నది గదా! చేయువానికి గాని లోతు తెలియదు. లింకు నొక్కినవాడు సాధారణముగా ఇరువది నాలుగు గంటలలో కొనుగోలుకు పూనుకొనవలెను, మరునాడు తీరికగా కొనిన యెడల వీనికి ఏమియు రాదు. కొనినవాడు సరుకు తిరిగి పంపిన యెడల వచ్చిన కమిషను వెనుకకు పోవును. తన లింకుపై తానే కొనుట నిషిద్ధము. చేరిన 180 దినములలో మూడు అమ్మకములైనను జరుగనిచో ఖాతాయే మూయబడును. ఇవన్నియు తెలిసి చేరినవారు తక్కువ. ఇంట కూర్చుండి నెలకు లక్ష సంపాదింపవచ్చునని ఎవడో చెప్పగా నమ్మి దిగినవారు ఎక్కువ.

మా వాడు తనకు తెలిసిన వస్తువులనే ఎన్నుకొనెను. మందు కొట్టు బ్యాటరీ పంపు, తాడిపత్రి, కలుపు తీయు పనిముట్లు, డ్రిప్పు పైపుల కలపలు, ఇవే అతని సరుకు. మొదటి నెలలో అతడు తీసిన వీడియోలను చూచినవారు నలువది ముగ్గురు. అందులో నేనొకడను, మా చెల్లెలు మూడు మారులు చూచినది. మూడవ అమ్మకము నూట డెబ్బది యొకటవ దినమున జరిగెను. ఎవరో ఒక తాడిపత్రి కొనిరి. ఎవరో తెలియదు, కొనినవారి పేరు ఆ లెక్కలో కానరాదు. ఆ రాత్రి ఫోను చేసి, "మామా, ఖాతా నిలిచింది" అని చెప్పినప్పుడు అతని గొంతు నేనెన్నడును వినని తీరున పలికెను. ఏడు నెలల ముప్పది యొక్క వీడియోల రాబడి అంతయు కూడి 412 రూపాయలు. అదియు లెక్కలో కనబడునదే గాని, కొంత మొత్తము పోగుపడువరకు బ్యాంకునకు చేరదు.

కార్తికమాసములో అతడు నా యింటికి వచ్చెను. పని మానివేయుదునని చెప్పుటకు వచ్చెనేమోయని తలచితిని. అది కాదు. చేతిలో మరియొక కాగితము కలదు. ఏదో సంస్థవారు ఆన్‌లైనులో ఒక పాఠక్రమము అమ్ముచున్నారట. వెల అయిదు వేలు. ఒకనిని చేర్చిన అందులో సగము చేర్చినవానికి. ఆ పాఠములో నేర్పునది ఏమియని అడిగితిని. మనుష్యులను చేర్చుట ఎట్లో నేర్పుదురని చెప్పెను.

"మామా, మఠం గ్రూపులో రెండు వందల ఇండ్లున్నవి. మీరొక్క మాట పెడితే చాలు. మీ మాట ఎవరు కాదంటారు?"

నేను వెంటనే కోపపడలేదు. కోపపడు అర్హత నాకున్నదా యని ఆలోచించుచు కూర్చుంటిని. ఎందుకో చెప్పెదను.

1996లో నేను ఉద్యోగమున చేరి మూడేండ్లు. ఒక ప్రచురణకర్తల మనిషి పాఠశాలకు వచ్చి, పదవ తరగతి తెలుగు గైడును పిల్లలచేత కొనిపించిన ప్రతికి అయిదు రూపాయలు ఇత్తుననెను. నేను పుస్తకము తెరచి చూడలేదు. ముఖపత్రము బాగుండెను. తరగతిలో, "ఇది మంచిది, కొనుడు" అంటిని. అరువది రెండు ప్రతులు అమ్ముడుపోయెను. మూడు వందల పది రూపాయలు ముట్టినవి. రెండు నెలల పిమ్మట త్రైమాసిక పరీక్షలో ఒక బాలుడు 'ఏకైక' అను పదమునకు గుణసంధియని వ్రాసెను. వృద్ధిసంధి గదా యని మార్కు కొట్టివేసితిని. ఆ బాలుడు గైడు తెచ్చి నా బల్లమీద పెట్టి పేజీ చూపెను. అందు గుణసంధియనియే అచ్చుపడియున్నది. "సార్, మీరే కొనమన్నారు గదా!" అనెను. వాని తండ్రి అంగట్లో బస్తాలు మోయు హమాలి. పుస్తకము తిరుగవేయగా అట్టి తప్పులు ఇంకను పదునాలుగు దొరికినవి. మరునాడు వానినన్నిటిని నల్లబల్లపై దిద్దితిని. అయిదు రూపాయల సంగతి మాత్రము చెప్పలేదు. అరువది ఇద్దరు పిల్లలలో ఒక్కనికిని నేటివరకు అది తెలియదు. ఈ పత్రికలో వ్రాయుటయే మొదటిమారు.

ఇదంతయు ఆ సాయంకాలము మా మేనల్లునికి చెప్పితిని. వాడు తలవంచుకొని వినెను. వినిన పిమ్మట, "అప్పుడు మీకు జీతం ఉండె మామా. నాకేమున్నది?" అనెను. ఆ మాట తప్పని నేననలేను. జీతమున్నవాడు చేసిన తప్పే పెద్దది. కాని జీతము లేనివాని నోటి మాట మాత్రము తక్కువ వెలగలదా?

శరణులారా! ఇచట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ స్మరింపదగినది. మారయ్యగారి కాయకము నేలరాలిన బియ్యము ఏరుట. ఒకనాడు దినమును మించిన బియ్యమును తెచ్చిరి. లక్కమ్మగారు ఆ మూటను చూచినంతనే, ఇది మన కాయకపు బియ్యము కాదు, ఎచటినుండి తెచ్చితిరో అచటనే వేసి రండని పంపిరి. బియ్యము దొంగిలించినది కాదు. మంచి బియ్యమే. అయినను ఆమెకు ఎట్లు తెలిసినది? దినదినము ఆ మూట బరువు ఎరిగిన చేయి గనుక తెలిసినదని నా భావము. ఒక పంపు అమ్మిన నలుబదియో యాబదియో రూపాయలు వచ్చు పనిలో, ఒక మనిషిని చేర్చిన రెండు వేల అయిదు వందలు వచ్చుచున్నదన్న, ఆ అధికమైనది దేని వెల? వాని శ్రమ వెల కాదు. మఠము గ్రూపులోని అవ్వలు, తాతలు నా మాటపై ఉంచిన నమ్మిక వెల. దానిని అమ్ము హక్కు నాకు లేదు, వానికిని లేదు.

చట్టమును చెప్పుట ప్రవచనమునకు తగదందురేమో. అయినను చెప్పుట మేలు. చేరినవారి సొమ్మును చేర్చినవారికి పంచు ధన చలామణి పథకములను 1978 నాటి చట్టమే నిషేధించినది. 2021లో వచ్చిన ప్రత్యక్ష విక్రయ నిబంధనలు సైతము గొలుసు పథకములను వలదన్నవి. ఆ పాఠక్రమము ఆ కోవలోనికి వచ్చునో రాదో తేల్చువారు న్యాయస్థానములవారు. మనకు అంత దూరము పోవలసిన పనిలేదు, లక్కమ్మగారి తూనిక చాలును. ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పుత్రోవ పట్టించు ప్రకటనకు వంతపాడినవానికి సైతము పది లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అమ్మినవాడే గాదు, బాగున్నదని చెప్పినవాడును బాధ్యుడే.

మా వాడు అలిగి వెళ్లెను. నెల దినములు ఫోను లేదు. మా చెల్లెలు నన్ను నిష్ఠురమాడెను. "కుర్రవాడు నాలుగు డబ్బులు చూచుకొనునప్పుడే నీకు బసవన్న గుర్తు వచ్చునా?" అనెను. బసవేశ్వరులు బిజ్జలుని కొలువున భండారమును చూచినవారేనమ్మా, డబ్బును వలదన్నవారు కారు, లెక్క సరిగా నుండవలెనన్నవారు అని చెప్పబోయి ఊరకుంటిని. చెల్లెండ్రతో శాస్త్రచర్చ గెలిచినవాడు లేడు.

ఈ పనిలో ప్రవేశించు మన పిల్లలకు ఓర్పును గూర్చి ఉపదేశించువారు ఎందరో కలరు. మానకుము, మానకుము అని మాత్రమే చెప్పుదురు. నాకు అది సగము మాటగా తోచును. రాబడి లేని నెలలలో మనిషి పని మానుటకన్న పెద్ద ప్రమాదము ఒకటి కలదు. పని మానకుండనే మాట మార్చుట. చేతపట్టని వస్తువును వాడితినని చెప్పుట, లోపమును దాచుట, కమిషను సంగతి పలుకకుండుట. గడ్డి చాలనప్పుడు నడుమ కుళ్లిన పోచ దూర్చి పేనుట వంటిది ఇది. తాడు పొడవగును. బావిలో చేద దించినవాని చేతిలో తెగును. అప్పుడు పేనినవాడు అచట ఉండడు.

ఇంకొక మాటయు చెప్పవలెను. అప్పుచేసి, ఉన్న కూలి పని మానుకొని, ఇల్లాలి మెడలోనిది తాకట్టుపెట్టి ఇందు కూర్చుండువాడు ఓర్పు చూపుచున్నాడని నేననను. మా వానికి చెరకు కలదు, అల్లము కలదు, పగటి పని కలదు. ఈ రెండు గంటలు దానిపైనివి. ఏడాది దాటినను రెండవ ఏడాది దాటినను ఫలము రానిచో, ఈ కాయకమును వదలి వేరొక కాయకము పట్టుట దోషము కాదు. శరణులలో ఒక్కొక్కరిది ఒక్కొక్క పని. పడవ నడుపువారు, బట్టలుతుకువారు, కట్టెలు కొట్టువారు, అందరును కల్యాణమున సమానులుగా కూర్చుండిరి.

పుష్యమాసము చివర వాని వీడియో ఒకటి నా ఫోనునకు వచ్చెను. తెరచి చూచితిని. పదునారు లీటర్ల బ్యాటరీ పంపు, ఎనిమిది నెలలు తమ చేనిలో వాడినది. మొట్టమొదట తెలుగులో, "ఈ లింకు మీద మీరు కొంటే నాకు కమిషను వస్తది, మీకు ధర పెరగదు" అని చెప్పెను. పూర్వము ఆ మాట చిన్న అక్షరములతో ఇంగ్లీషులో క్రింద ఎక్కడనో ఉండెడిది. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము ఇచ్చిన సూచనలలో, సిఫారసు ఏ భాషలో చేసిన ఆ భాషలోనే ఈ సంగతియు చెప్పవలెనని కలదు. వానికి అది తెలిసి చెప్పెనో, తెలియకయే చెప్పెనో నేనడుగలేదు. పిమ్మట పంపును విప్పి చూపెను. ఆరవ నెలలో పిడికి దగ్గర వాషరు అరిగి మందు చేతిపై కారుట, దానివలన తన చేయి మండుట చెప్పెను. ఆ వాషరు ఊరి దుకాణములోనే పదునైదు రూపాయలకు దొరకునని, కొత్త పంపు కొననక్కరలేదని చెప్పెను. వాషరుకు కమిషను లేదు.

ఆ వీడియో క్రింద రైతులు ప్రశ్నలు అడుగసాగిరి. ఒకరు తైవాన్ పంపు మేలా ఇది మేలా యనిరి. ఒకరు బ్యాటరీ వానలో తడిసిన ఏమగుననిరి. వాడు ఒక్కొక్కరికి రాత్రి పదకొండు వరకు సమాధానము వ్రాయుచుండెను. రాబడి అద్భుతముగా పెరిగినదని నేను వ్రాయను, అట్లు పెరుగలేదు. 2025 బసవజయంతి నాటికి నెలకు రెండు వేల చిల్లర వచ్చుచుండెను. తరువాతి నెల పదునాలుగు వందలకు దిగెను.

ఆ బసవజయంతికి వాడు మఠమునకు వచ్చినప్పుడు మోటారుసైకిలు వెనుక ఒక బియ్యపు సంచి కట్టి తెచ్చెను. అలిగి వెళ్లిన పిదప మేమిద్దరము ఎదురెదురుగా నిలిచినది అదే మొదలు. "ఇరవై అయిదు కిలోలు మామా, దాసోహానికి. పంపుల పైసలు" అనెను. ఏమనవలెనో తోచక సంచికి ఒక వైపు నేను పట్టితిని, రెండవ వైపు వాడు పట్టెను. వంటశాల గడప దాటి దించునంతలో వాని జేబులో ఫోను మ్రోగెను. నారాయణఖేడు వైపు రైతు ఎవరో పిలిచిరట, నాజిలు మూసుకొనిపోయినదట. వాడు చెప్పులు తొడుగుకొనుచునే సమాధానము చెప్పుచు బయటి వేపచెట్టు క్రిందికి నడచెను.