శోకము – శ్రవణము – ఋణము

అన్యుల దుఃఖాన్ని విని ఆనందించడం ధర్మమేనా? పోలండ్ స్వరకర్త హెన్రిక్ గురెట్స్కీ 1976లో రచించిన మూడవ సింఫనీ ఈ ప్రశ్నను మన ముందుంచుతుంది. 'శోకగీతాల సింఫనీ'గా ప్రసిద్ధమైన ఈ కృతిలో సోప్రానో కంఠం ఆలపించే రెండవ భాగానికి ఆధారం ఒక ప్రార్థన. 1944లో, జకోపానె పట్టణంలోని గెస్టపో చెరసాల గోడపై 18 ఏళ్ల యువతి దానిని లిఖించింది. ఏడవవద్దని తల్లిని వేడుకొని, మేరీమాత రక్షణను అర్థించింది. ప్రతీకార వాంఛ అందులో లేదు.

పోలండ్‌లో ఈ సింఫనీ 1970వ దశకంలోనే రికార్డయింది. అయితే 1992లో డాన్ అప్‌షా గానంతో, లండన్ సిన్‌ఫొనియెటా వాద్యసహకారంతో వెలువడిన రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. చెరసాలలోని వేదన విపణిలో వస్తువైంది. మీట నొక్కినంతనే, విందువేళలో సైతం, వినవస్తుంది. ఇది అపచారమని కొందరికి తోచవచ్చు.

భారతీయ ఆలంకారికులు శోకాన్నీ కరుణరసాన్నీ వేరుచేసి చూపారు. శోకం బాధితునిది, కరుణ సహృదయుని హృదయంలో నిష్పన్నమయ్యేది. కనుక శ్రవణం దోషం కాదు. పైగా, రికార్డు మూలంగానే ఆ ప్రార్థన దేశదేశాల శ్రోతలకు చేరింది.

అయినా ఒక భేదం మిగిలే ఉంది. నాటకంలోని శోకం కల్పితం. గోడపైని శోకం వాస్తవం. కల్పితాన్ని ఆస్వాదించి మరచిపోవచ్చు. వాస్తవాన్ని ఆస్వాదించినవాడు ఋణగ్రస్తుడవుతాడు. రికార్డు వెల చెల్లించినంత మాత్రాన ఆ ఋణం తీరదు. ఆ మాటలు ఎవరివో, ఏ గోడపైనివో ఎరిగి వినడమే అందుకు తొలి చెల్లింపు.