ప్రొఫెషనల్ అయ్యే ముందు

హిజ్లీ, ఖరగ్‌పూర్

చిరంజీవి మనవరాలికి,

పన్నెండో తరగతి పూర్తికాకముందే గోల్ఫ్‌లో ప్రొఫెషనల్ అయిపోతానని పట్టుబట్టావట, మీ అమ్మ చెప్పింది. ఆడపిల్లకి ఆటలెందుకనే మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు. కాకపోతే నువ్వు గోడకి బొమ్మ అంటించుకున్న అదితి అశోక్ ఆ మెట్టు ఎలా ఎక్కిందో ఒకసారి నింపాదిగా చూడు.

అదితి 1998లో బెంగళూరులో పుట్టింది. కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలో ఐదేళ్ళకే క్లబ్ చేతపట్టింది. 2011లో, పదమూడేళ్ళ వయసులో, ప్రొఫెషనల్ టూర్‌లోని ఒక పోటీలో పెద్దవాళ్ళందర్నీ ఓడించింది. అమెచ్యూర్ కాబట్టి ప్రైజ్ మనీ ముట్టకూడదు. ఇంకెవరైనా అయితే అప్పుడే ప్రొఫెషనల్ అయిపోవాలని తొందరపడేవారు. ఆ పిల్ల మాత్రం మరో నాలుగేళ్ళు అమెచ్యూర్‌గానే ఉండిపోయింది. 2014లో యూత్ ఒలింపిక్స్, ఆసియా క్రీడలు ఆడింది. 2015లో బ్రిటిష్ లేడీస్ అమెచ్యూర్ స్ట్రోక్ ప్లే టైటిల్ గెలిచింది. ఆ డిసెంబరులో మొరాకోలో జరిగిన లేడీస్ యూరోపియన్ టూర్ అర్హత పోటీల్లో మొదటి స్థానం తెచ్చుకుంది. ఆ తరవాతే, 2016 జనవరి 1న, ప్రొఫెషనల్ అయింది. పన్నెండో తరగతి కూడా ఆ ఏడాదే పూర్తి చేసింది.

అదే ఏడు రియో ఒలింపిక్స్‌లో వాళ్ళ నాన్న క్యాడీగా బ్యాగు మోశారు. నవంబరులో గురుగ్రామ్‌లో మహిళల ఇండియన్ ఓపెన్ గెలిచి, లేడీస్ యూరోపియన్ టూర్ టైటిల్ సాధించిన మొదటి భారతీయురాలైంది.

మన రైల్వే ఊళ్ళో ఆట అంటే ముందు ఉద్యోగం. ధోనీ అంతటివాడు 2001లో ఖరగ్‌పూర్ వచ్చింది స్పోర్ట్స్ కోటాలో, టికెట్ ఎగ్జామినర్‌గానే. కానీ గోల్ఫ్ టూర్‌లో అలా నెల తిరిగేసరికి జీతం రాదు. విమానం టికెట్టు, బస, క్యాడీ ఖర్చు అన్నీ ఆడేవాళ్ళవే. మొదటి రౌండ్లలో వెనకబడి కట్ దాటలేకపోతే పైసా రాదు, ఖర్చు మాత్రం మిగులుతుంది. మీ నాన్న భయమంతా అక్కడే. ఆ భయాన్ని చిన్నచూపు చూడకు.

డబ్బు సంగతి పక్కన పెట్టు. టోక్యో ఒలింపిక్స్ వీడియో మళ్ళీ చూడు. 2021 ఆగస్టు. అదితి ప్రపంచ ర్యాంకు 200. ఆ ఏడాదే కోవిడ్ వచ్చి ఒంట్లో సత్తువ తగ్గింది. తొలి దెబ్బకి ఆమె బంతి మిగతావాళ్ళ బంతుల కంటే చాలా వెనకే పడేది. వాళ్ళు చిన్న ఐరన్‌తో కొట్టే చోట ఆమె పొడవాటి క్లబ్ తీయాల్సివచ్చేది. అయినా గ్రీన్ మీదికి చేరాక ఆ పటర్ తప్పేది కాదు. క్యాడీగా అమ్మ పక్కనే ఉంది. ఆఖరి హోల్‌లో దూరం నుంచి కొట్టిన పట్ పడలేదు. లిడియా కో 16 అండర్‌తో కాంస్యం అందుకుంది, అదితి 15 అండర్‌తో నాలుగో స్థానంలో ఆగింది. ఒకే ఒక్క స్ట్రోక్!

అంతకంటే కష్టమైనది 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఎదురైంది. మూడు రౌండ్లయ్యేసరికి ఏడు స్ట్రోకుల ఆధిక్యం, బంగారం చేతికొచ్చినట్టే. చివరి రోజు ఆట చెడి, 77 కొట్టి రజతంతో సరిపెట్టుకుంది. ఆసియా క్రీడల గోల్ఫ్‌లో భారత మహిళకి అదే మొదటి పతకం, నిజమే. కానీ ఆ రాత్రి ఆమెకి ఆ మాట ఎంత ఊరట ఇచ్చి ఉంటుంది? రెండు నెలలు తిరక్కుండానే స్పెయిన్‌కి వెళ్ళి అక్కడి ఓపెన్ టైటిల్ గెలుచుకొచ్చింది. తాతయ్య లెక్కలో ప్రొఫెషనల్ అంటే ఆ స్పెయిన్ ప్రయాణమే.

ఇంకొక్కటి. స్కోరుకార్డు తోటి క్రీడాకారిణి రాసినా, సరిచూసి సంతకం పెట్టేది ఆడినవాళ్ళే. చెట్ల వెనక తమవల్ల బంతి కదిలితే, ఎవరూ చూడకపోయినా చెప్పుకోవాలి. నీ ఆట ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకి చెప్పేటప్పుడు కూడా అదే నిజాయితీ చూపించు. గెలిచిన రౌండ్లే కాదు, చెడిపోయిన రౌండ్లూ చెప్పు.

ముందు పరీక్షలు రాసెయ్యి. ఈ ఏడాది అమెచ్యూర్ పోటీల కార్డులన్నీ, మంచివీ చెడ్డవీ, పట్టుకుని సెలవుల్లో హిజ్లీ రా. మీ నాన్నని కూర్చోబెట్టుకుని ముగ్గురం చూద్దాం.

ఆశీస్సులతో,
తాతయ్య