1836 రెట్ల బరువు, ఒక్కటే ఆవేశం

పుదుచ్చేరి బీచ్ రోడ్డులోని పాత లైట్‌హౌస్ 1836లో వెలిగింది. ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్‌కి దాదాపు 1836 రెట్లు. అంకెలు అలా కలిసొచ్చాయి, అంతే. అయినా ఆ స్తంభం కింద నిలబడితే నాకు ప్రోటానే గుర్తొస్తుంది.

ఏం వింత! అంత బరువున్నదీ, దాని పక్కన ఉందా లేదా అన్నట్టుండేదీ, ఆవేశం దగ్గరికొచ్చేసరికి సరిసమానం. ఒకటి ధనం, ఒకటి ఋణం. ఎంత సూక్ష్మంగా కొలిచినా వెంట్రుకవాసి తేడా దొరకలేదు. పోనీ, రెండూ ఒకే జాతివా అంటే అదీ కాదు. ప్రోటాన్ లోపల మూడు క్వార్కుల సంసారం: రెండింటికి మూడింట రెండేసి వంతుల ధనావేశం, మూడోదానికి మూడింట ఒక వంతు ఋణావేశం. కూడితే సరిగ్గా ఒకటి! న్యూట్రాన్‌లో అవే రకాలు మరోలా జతకూడి సున్నా తేలుస్తాయి. ఎలక్ట్రాన్‌కేమో, మనకు తెలిసినంతలో, లోపల అనేదే లేదు. మరి ఈ ఇద్దరికీ లెక్క ఎవరు కుదిర్చారు?

సాయంత్రం రోడ్డు మీద బళ్లు ఆపేశాక, నల్లరాళ్ల మీద కూర్చుని సుండల్ పొట్లం విప్పండి. వేలికి అంటిన ఉప్పురవ్వని చూడండి. 11 ప్రోటాన్ల సోడియం ఒక ఎలక్ట్రాన్‌ని వదులుకుంది, 17 ప్రోటాన్ల క్లోరిన్ దాన్ని అందుకుంది. ఆ ఒక్కటి చేతులు మారినందుకే ఇంత గట్టి పట్టు, ఇంత పదునైన అంచులు! నాలుక తడికి ఆ పట్టు సడలుతుంది. ఎదురుగా బంగాళాఖాతం నిండా విడివడ్డ సోడియం, క్లోరైడ్ అయాన్లే. అయినా అల వచ్చి పాదం తడిపితే షాక్ కొట్టదు. ధనానికి ఋణం చెల్లిపోయింది మరి!

చెల్లకపోతే? మన ఒంట్లో ప్రోటాన్ల కన్నా ఎలక్ట్రాన్లు నూటికి ఒకటి ఎక్కువుంటే చాలు, చేయిచాపు దూరంలో నిలబడ్డ ఇద్దరి మధ్య వికర్షణ భూమంత బరువుని ఎత్తేస్తుంది. గాంధీ విగ్రహం దగ్గర భుజాలు రాసుకుంటూ జనం నడుస్తున్నారంటే మాటలా!

ఈ బలం తీరుని 1785లో లెక్కగట్టినవాడు కూలుంబ్, ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు. సన్నటి తీగ ఎంత మెలిపడిందో చూసి, దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకి పడిపోతుందని తేల్చాడు. ఆవేశాన్ని ఇవాళ ఆయన పేరుతోనే కొలుస్తున్నాం. ఈశాన్య రుతుపవనాల్లో ఈ తీరాన పిడుగు పడితే ఊరు అదిరిపోతుంది. మామూలు పిడుగు మోసేది ఓ 20 కూలుంబులు. అన్ని ఎలక్ట్రాన్లూ కలిపితే, ఒక్క నీటిచుక్కలో ఉన్నవాటిలో నూరోవంతు కూడా కావు.