సేవ చేసే దేహానికీ హక్కుంది

భర్త మంచాన పడి ఉండగా ఇల్లాలు కాసేపు తలుపు దగ్గరగా వేసుకొని నిద్రపోతే అది పాపమా? శ్రీరంగాపూర్, పెబ్బేరు వైపు మన సోదరీమణులు ఈ మాట ఇంత సూటిగా అడగరు. ఆయన పనులతో తహజ్జుద్ తప్పిపోతోందనీ, తిలావత్ సాగడం లేదనీ చెప్పుకుంటారు. లోపల ఉన్నది మాత్రం ఆ ప్రశ్నే.

మూత్రపిండాలు చెడిపోయిన రోగికి మామూలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తారు. ప్రతిసారీ దాదాపు 4 గంటలు పడుతుంది. శ్రీరంగాపూర్ నుండి వనపర్తికో, మహబూబ్‌నగర్‌కో పోయి రావాలంటే ఆ రోజు ఇక దానికే సరి. మిగతా రోజుల్లో నీళ్ళు కొలిచి ఇవ్వాలి, ఉప్పు తగ్గించి వండాలి, ఆయన విసుగును ఓర్చుకోవాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. దానివల్ల ఎన్నో ఇళ్ళకు వైద్య ఖర్చు తగ్గింది. తోడు వెళ్ళిన మనిషి పోగొట్టుకున్న నిద్రను మాత్రం ఏ కార్డూ తిరిగి ఇవ్వదు.

హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624) రమజాన్‌లో ముస్లింలు బద్ర్ వైపు బయలుదేరినప్పుడు, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆమె భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి)ను ఆమె వద్దనే ఉండమని ప్రవక్త (స) ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవారికి దక్కే పుణ్యమూ, యుద్ధప్రాప్తిలో వాటా కూడా ఆయనకు ఉంటాయని చెప్పారు. ఈ సంగతి బుఖారీలో ఉంది, మన ప్రసంగాలలో తరచుగా వింటాం. అయితే సీరత్ గ్రంథాలలో ఉన్న మరో సంగతిని మనం అంతగా పట్టించుకోము. ప్రవక్త (స) ఉస్మాన్ (రజి)ను ఒంటరిగా వదలలేదు. రుఖయ్యా (రజి)ను చూసుకోవడానికి ఆయనకు తోడుగా ఉసామా బిన్ జైద్ (రజి)ను కూడా మదీనాలో ఉంచారు. ఉసామా అప్పటికి బాలుడే. ఆ జబ్బుతోనే రుఖయ్యా (రజి) మరణించారు. ఆమె సమాధి మీద మట్టి సర్దుతున్న వేళకు బద్ర్ విజయవార్త మదీనా చేరింది.

ఇక్కడ మన మగవారికి ఒక మాట. రోగికి సేవ చేసినది భర్త. మన ఇళ్ళల్లో భార్య జబ్బుపడితే పుట్టింటికి పంపి, నాలుగు రోజులకోసారి ఫోన్ చేసి, అంతటితో బాధ్యత తీరిందనుకునేవారు తక్కువేమీ కాదు.

హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసాలు, రాత్రంతా నమాజులతో గడుపుతుంటే, ఆయన ఇంటికి వచ్చిన హజ్రత్ సల్మాన్ (రజి) ఆయన చేత అన్నం తినిపించారు, రాత్రి పడుకోబెట్టారు. ప్రభువుకూ, నీ ప్రాణానికీ, నీ ఇంటివారికీ నీ మీద హక్కులున్నాయని వివరించారు. సల్మాన్ చెప్పింది నిజమేనని ప్రవక్త (స) ధ్రువీకరించారు.

దీనికి ఒకరు అడ్డు చెప్పవచ్చు. అబూ దర్దా (రజి) తగ్గించుకున్నది నఫిల్ ఆరాధనలను. రోగి దాహం అలా రేపటికి వాయిదా పడదు కదా! నిజమే. అందుకే చాలామంది, నువ్వు బాగుంటేనే ఆయనను బాగా చూసుకోగలవని ఆమెకు నచ్చజెబుతారు. అందులో సత్యం ఉంది. నిద్రలేని కళ్ళు ఒక మాత్రకు బదులు మరొకటి తీస్తాయి. కానీ నాకు ఆ సమాధానం చాలదనిపిస్తుంది. ఆయనకు పనికొస్తుంది కాబట్టే ఆమె తినాలి, నిద్రపోవాలి అంటే ఆమె కూడా ఆ ఇంట్లో ఒక పనిముట్టే అవుతుంది. హదీసు అలా అనలేదు. ప్రాణానికి హక్కు ఉందంటే, అది ఎవరికి ఉపయోగపడినా పడకపోయినా ఉంది. ఆమె దేహం కూడా అల్లాహ్ అమానతే. మరి రోగి దాహం తీర్చేదెవరు అంటే, ఆ గంటసేపు మరొకరు తీర్చాలి. రెండు హక్కులూ ఒక్క మనిషి మీదే పడినప్పుడు లోపం ఆ మనిషిది కాదు, చుట్టూ ఉన్నవారిది.

షరీఅత్ ఆ మనిషి ఇబ్బందిని గుర్తించింది. తాను వెళ్తే రోగిని చూసే దిక్కు లేనప్పుడు, సేవ చేస్తున్న పురుషునికి జుమా నమాజుకు రాకపోవడానికి సడలింపు ఉందని ఫుఖహాలు చెప్పారు. జుమా వేళ దగ్గరపడుతుండగా హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) జబ్బుపడ్డారని తెలిసి, హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) జుమాను వదిలి ఆయన వద్దకు వెళ్ళారు. ఫర్జ్ అయిన జుమాకే సడలింపు ఉంటే, తహజ్జుద్ తప్పిన సోదరి కుమిలిపోవడం దేనికి?

అలసిపోయానని చెప్పుకోవడం సబ్ర్‌కు విరుద్ధమని కొందరు అనుకుంటారు. హజ్రత్ ఆయిషా (రజి) తలనొప్పితో అయ్యో నా తల అంటే, ప్రవక్త (స) ఆమెను మందలించలేదు. తన తల కూడా నొప్పిగానే ఉందని అన్నారు.

ఇక ఇయాదత్ సంగతి. పరామర్శకు నలుగురు వస్తారు, అరటిపండ్లు తెస్తారు. ఆ పండ్లు డయాలసిస్ రోగికి సాధారణంగా వద్దంటారని తెలియదు పాపం. కూర్చుంటారు, ఆమె లేచి చాయ్ పెడుతుంది. ఈసారి వెళ్ళే ఖాలాలు, భాభీలు చాయ్ తామే పెట్టి, రోగి దగ్గర ఇద్దరు కూర్చొని, ఆమెను జొహర్ నుండి అసర్ దాకా పక్క గదిలో పడుకోమనవచ్చు. మస్జిద్ కమిటీ వారు డయాలసిస్ రోజున ఆయన వెంట వెళ్ళడానికి మొహల్లాలోని యువకులకు వంతులు వేయవచ్చు. సోమవారం ఒకరు, బుధవారం ఒకరు, శుక్రవారం ఒకరు.