ఎడమచెయ్యి శబ్దం

కంప్యూటర్లో పియానోకి ఏ పాఠం రాసినా నేను ముందు చేసే పని ఎడమచెయ్యి శబ్దం తగ్గించడం. పాట ఏది, రాసినవాడెవడు అన్న విచారణ ఉండదు. కింది స్టాఫ్ కొంచెం అణిగితేనే నా చెవికి ఇంపు. అది నా రుచి అని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను. రుచికీ ఒక పుట్టుక ఉంటుంది కదా, నాది ఎక్కడిదో చూద్దామని ఈమధ్య తవ్వడం మొదలుపెట్టాను. బయటపడినవన్నీ నాకు గౌరవం తెచ్చేవి కావు.

నేను వాడేది మ్యూజ్‌స్కోర్, ఉచితంగా దొరికే నొటేషన్ సాఫ్ట్‌వేర్. గార్లదిన్నెలో కీబోర్డు నేర్చుకునే పిల్లలకు అందులో పాఠం రాసి, ఆడియో తీసి వాట్సాప్‌లో పంపుతుంటాను. పియానోకి రెండు స్టాఫ్‌లు, పైది కుడిచేతికి, కిందిది ఎడమచేతికి. కాగితం మీద రెండయినా సాఫ్ట్‌వేర్ లెక్కలో వాద్యం ఒక్కటే. ఎఫ్10 నొక్కి మిక్సర్ తెరిస్తే పియానోకి ఒకే స్లైడర్ ఉంటుంది. దాన్ని దించితే రెండు చేతులూ కలిసే దిగుతాయి.

ఎడమచేతిని మాత్రమే దించాలంటే అడ్డదారి పట్టాలి. ఒక పియానో బదులు రెండు పియానోలు పెట్టి, ఒక్కో స్టాఫ్‌నూ ఒక్కో వాద్యంగా రాయొచ్చు. అప్పుడు స్లైడర్లు రెండవుతాయి. కానీ కింద పెట్టిన పెడల్ గుర్తు పై వాద్యానికి అందదు, ఒక స్టాఫ్ నుంచి ఇంకో స్టాఫ్‌కి స్వరాల్ని దాటించడమూ కుదరదు. లేదంటే కింది స్టాఫ్‌కి విడిగా బలం గుర్తు పెట్టాలి, పైన ఎంఎఫ్ ఉంటే కింద పి. ఆ గుర్తు వాద్యమంతటికా, ఆ ఒక్క స్టాఫ్‌కేనా అన్నది ప్రాపర్టీస్‌లో ఎంచాలి. ఎంచకపోతే కుడిచెయ్యి కూడా తగ్గిపోతుంది. ఆ తర్వాత గుర్తు మీద ఉండి 'వి' నొక్కితే అది అచ్చులో కనపడదు, శబ్దంలో మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. మ్యూజ్‌స్కోర్ 3లో ఈ గుర్తుల వెనక అంకెలున్నాయి. పి అంటే 49, ఎంపి 64, ఎంఎఫ్ 80, ఎఫ్ 96. వీటిని వెలాసిటీ అంటారు, మెట్టు ఎంత వేగంగా దిగిందన్న లెక్క. 127 దాకా పోతుంది.

స్లైడర్‌తో దించడం, వెలాసిటీ తగ్గించడం ఒకటి కావు. నిజం పియానోలో మెట్టు మెల్లగా నొక్కితే సుత్తి మెల్లగా తగులుతుంది, శబ్దం తగ్గడమే కాక నాదం కూడా మెత్తబడుతుంది. మంచి సౌండ్‌ఫాంట్ (వాద్యాల ధ్వనులుండే ఫైలు) అయితే వెలాసిటీ తగ్గినప్పుడు ఆ మెత్తదనం కూడా ఇస్తుంది. స్లైడర్ దించితే గట్టిగా కొట్టినదే పక్కింట్లోంచి వచ్చినట్టు వినపడుతుంది. నాకు ఇష్టమైనది కనపడని పి. ఇంత శ్రమపడి, అదీ ఎవరికీ కనపడకుండా చేసేదాన్ని అలవాటు అనలేను. కావాలని చేస్తున్నదే.

ఎందుకు? మొదటి జవాబు హార్మోనియం. నా వేళ్లకు సంగీతం వచ్చింది భజన మందిరంలో, హార్మోనియం మీద. 1842లో పారిస్‌లో దెబాన్ పేటెంటు తీసుకున్న హార్మోనియానికి గాలి కాళ్లతో తొక్కాలి, రెండు చేతులూ మెట్ల మీదే ఉండేవి. నేల మీద కూర్చుని వాయించేవాళ్ల కోసం కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో చేతితో తిత్తి ఊదే పెట్టె చేశాడు. ఆ మార్పుతో మన ఎడమచెయ్యి మెట్లు వదిలి తిత్తి మీదికి పోయింది. అదే పెట్టె నాటకాల్లోకి వచ్చింది. 1880లో బళ్లారి రాఘవ పుట్టిన తాడిపత్రి మా జిల్లాలోదే, పద్యనాటకం మాకు పరాయిది కాదు. పద్యం ఎత్తుకోగానే హార్మోనిస్టు కుడిచేతి వేళ్ల మీదే అందరి కళ్లూ ఉండేవి. ఎడమచేతిని చూసినవాడు లేడు. తర్వాత ఎలక్ట్రానిక్ కీబోర్డులొచ్చాయి. వాటిలో స్టైల్ పెట్టుకుని ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంటే చాలు, బేసూ డ్రమ్సూ అవే వాయించుకుంటాయి. తిత్తి ఊదిన చెయ్యి స్విచ్చు నొక్కే చెయ్యి అయింది.

రెండో జవాబు చెవిది. మా ఊరి పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి, ఇంకోవైపు గుంతకల్లు-ధర్మవరం రైలు మార్గం. పగలంతా లారీల రొద కింది స్వరాల్ని మింగేస్తుంది. నేను రాసేది రాత్రి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. ఆ నిశ్శబ్దంలో ఎడమచెయ్యి బరువుగా తోస్తుంది, తగ్గిస్తాను. పిల్లలు వినేదేమో పగలు, ఫోన్ స్పీకర్లో. బేస్ క్లెఫ్ కింద రెండు అదనపు గీతల మీది సి స్వరం దాదాపు 65 హెర్ట్జ్, అంత చిన్న స్పీకర్ దాన్ని తిన్నగా పలికించలేదు. పైగా శబ్దం తగ్గేకొద్దీ చెవికి కింది స్వరాలే ముందు జారిపోతాయని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. ఒక పిల్లవాడు అడిగాడు, "సార్, ఎడమచెయ్యి యాడ మొదలుపెట్టాల? దీంట్లో ఏమీ ఇనపడల్యా." "ఉంటుందిలేప్పా, సరిగ్గా ఇను" అన్నాను. 49 పెట్టింది నేనే.

ఈ రెండు జవాబులూ నిజమే. కానీ ఒకటి చరిత్ర మీదికీ ఇంకోటి లారీల మీదికీ నెట్టేసి నేను తప్పుకునేవి. మూడోది ఉంది, అది చెప్పడానికే ఇదంతా.

కీర్తనలకు, భజన పాటలకు ఎడమచెయ్యి నేనే కట్టి రాస్తుంటాను. మోహన రాగమనుకోండి, అందులో మధ్యమం లేదు. సి షడ్జమంగా పెట్టుకుని ధైవతం మీద నిలిచే చోట ఎడమచేత్తో ఎఫ్ కార్డ్ వేస్తే సినిమా పాటలా నిండుగా ఉంటుంది. అయితే ఎఫ్ అంటే మధ్యమమే. రాగంలో లేని స్వరం కింద నుంచి దూరినట్టే. అది నాకు తెలుసు. తెలిసీ వేస్తాను, వేసి 49కి దించుతాను. వయసులో పెద్దాయన ఎవరైనా విని "ఏమప్పా, మోహనంలో మధ్యమం యాడ్నుంచి వచ్చె?" అంటే జవాబు లేదు. ఒప్పుకుని గట్టిగా వాయించే ధైర్యం లేక, తీసేసే నిష్ఠా లేక, వినీవినపడనట్టు ఉంచాను. నా ఎడమచేతి మెత్తదనంలో సగం ఈ పిరికితనమే.

మిగతా సగం షోపాన్ దగ్గర బయటపడింది. 1839లో అచ్చయిన ఓపస్ 28లో 24 ప్రిల్యూడ్‌లున్నాయి. ఆరోది బి మైనర్. అందులో పాట దాదాపు అంతా ఎడమచేతిదే, చెల్లో పాడుతున్నట్టుంటుంది. కుడిచెయ్యి కార్డుల్ని జంటలు జంటలుగా తట్టడమే. 1849లో షోపాన్ అంత్యక్రియల్లో పారిస్‌లోని మాదెలేన్ చర్చిలో ఆర్గన్ మీద వాయించినవాటిలో ఇదొకటి. నేను దాన్ని ఎక్కించేటప్పుడు, ఒక్క బార్ కూడా వినకముందే, కింద కనపడని పి పెట్టేశాను. ప్లే చేస్తే తట్టుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు నాకు తోచిన మాట సిగ్గు విడిచి చెబుతున్నాను. ఇందులో ఏముందని ఇంత పేరు?

తర్వాత పైన 49, కింద 80 చేసి విన్నాను. పాట వచ్చింది. ఎడమచేతికి న్యాయం చేశానని కాసేపు సంతోషించాను కూడా. ఆ సంతోషం నిలవలేదు. నేను గౌరవించింది ఎడమచేతిని కాదు, పాటను. పాట ఎటు పోతే పెద్ద అంకె అటు పోయింది. 1725 నాటి అన్నా మాగ్దలేనా బాఖ్ నోటుపుస్తకంలోని జి మేజర్ మినుయెట్‌తో ఇది ఇంకా తేలింది. చాలాకాలం బాఖ్‌దనుకున్న ఆ మినుయెట్ నిజానికి పెట్సోల్డ్‌ది. అందులో రెండు చేతులకూ నడక ఉంది. రెండింటికీ 80 పెడితే నేను ఒకదాని వెంట పోతాను, రెండోది చేజారుతుంది. శబ్దం సర్దడం అని నేను పిలుచుకున్నది ఒకే ఒక్కదాన్ని వినగల నా చెవికి మిగతావాటిని అడ్డం తొలగించడం.

ఏకస్వర సంప్రదాయంలో పెరిగినవాడికి ఇది తప్పదేమో అని కూడా ఆలోచించాను. 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకు ఎన్నో గుర్తులున్నాయి, అంత సూక్ష్మంగా వినేవాళ్లు మనవాళ్లు. కానీ ఒక గీతను లోతుగా వినే చెవి రెండో గీతను వినలేదని ఎక్కడా లేదు. మృదంగాన్నీ పాటనూ కలిపి వింటూనే ఉన్నాం కదా.

ఇప్పుడు నేను పంపే ఆడియోల్లో, రాసినవాడు వేరే గుర్తు పెడితే తప్ప, రెండు స్టాఫ్‌లకూ అంకె ఒకటే. ఎడమచెయ్యి ఒక్కటే ఉన్న ఆడియో ముందు పంపుతున్నాను, రెండూ కలిసినది తర్వాత. మోహనంలో ఎఫ్ కార్డ్ తీసేశాను. హార్మోనియం మీద నేర్చి కీబోర్డుకు వచ్చినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మీకు కంఠతా వచ్చిన ముక్క ఒకటి తీసుకుని, పై స్టాఫ్‌ను పూర్తిగా ఆపేసి వినండి. ఏ పాటో పోల్చుకోగలిగితే మీ చెవి నాకన్నా మేలు.