నోరు నొక్కేసిన చోట సాక్ష్యం

పాలకులు నిజాన్ని దాచిపెడుతున్నప్పుడు ఒక విశ్వాసి ఏం చేయాలి? చేతిలోని ఫోను ద్వారా దాన్ని నలుగురికీ చేరవేయాలా? ఫిత్నాకు భయపడి మౌనం వహించాలా? రెండు పక్షాలవారూ దివ్యఖుర్ఆన్‌నే ఆధారంగా చూపుతారు. సాక్ష్యాన్ని దాచిపెట్టడం హృదయానికి అంటే పాపమని అల్ బఖర సూరా 283వ ఆయతు బోధిస్తోంది. దుర్మార్గుడు తెచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా నమ్మితే అమాయకులకు హాని చేసి, ఆ తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు హెచ్చరిస్తోంది. మరి వార్తలపైనే కాపలా ఉన్న చోట ఈ రెండు ఆదేశాలను కలిపి పాటించడం ఎలా? ట్యునీషియా ఉదంతాన్ని చూద్దాం.

ఉత్తర ఆఫ్రికాలోని ఈ ముస్లిం దేశాన్ని జైనుల్ ఆబిదీన్ బిన్ అలీ 1987 నుంచి 23 ఏళ్లు పాలించాడు. పత్రికలు, టీవీ అతని గుప్పిట్లో ఉండేవి. యూట్యూబ్‌ను మూసివేశారు. నిషేధించిన పేజీ తెరిస్తే '404' అనే అంకె కనిపించేది. అందుకే కంటికి కనిపించని ఆ కాపలాదారుకు జనం 'అమ్మార్ 404' అని ఎగతాళి పేరు పెట్టుకున్నారు. 2008లో గఫ్సా గనుల ప్రాంతంలో నెలల తరబడి ఆందోళన సాగితే, దేశంలో చాలామందికి దాని వివరాలు తెలియకుండానే ప్రభుత్వం అణచివేసింది.

2010 డిసెంబరు 17న సీదీ బూజీద్ పట్టణంలో పండ్ల బండి నడుపుకునే ముహమ్మద్ బూఅజీజీ సరుకును అధికారులు లాక్కున్నారు. మొర ఆలకించేవారు లేక ఆ యువకుడు తనను తాను తగలబెట్టుకున్నాడు. 2011 జనవరి 4న మరణించాడు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని చేజేతులా తీసుకోవడం ధర్మసమ్మతం కాదు. అతని తీర్పు అల్లాహ్ దగ్గర ఉంది. ఇక్కడ మనం ఆలోచించవలసింది ఆ తర్వాత జరిగిన దాని గురించి.

అతని తల్లి, బంధువులు, ఊరివారు నిరసన తెలుపుతుంటే ఒక బంధువు ఫోనుతో చిత్రీకరించి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. అల్ జజీరా దాన్ని ప్రసారం చేసింది. సొంత టీవీ చెప్పని సంగతిని దేశమంతా చూసింది. జనవరి 13న బిన్ అలీ ఇంటర్నెట్ నిషేధాలు ఎత్తివేస్తానన్నాడు. మర్నాడే దేశం విడిచి పారిపోయాడు. అతన్ని దించింది వీధుల్లో ప్రాణాలొడ్డిన ప్రజలే. అయితే వారి గొంతు ఒకరికొకరికి వినిపించింది మాత్రం ఆ చిన్న ఫోనుల ద్వారానే. దౌర్జన్యపరుడైన పాలకుని ముందు న్యాయమైన మాట పలకడం ఎంతో శ్రేష్ఠమైన జిహాద్ అని మహాప్రవక్త (సఅసం) బోధించారు. ఆ వీడియో తీసిన చేతికి ఈ బోధనలో వాటా లేదని అనగలమా?

కానీ అవే ఫోనులు మరికొన్ని మాటలనూ మోశాయి. బూఅజీజీ పట్టభద్రుడని ప్రపంచమంతా చెప్పుకుంది. నిజానికి అతను హైస్కూలు చదువైనా పూర్తి చేయలేదు. ఒక మహిళా ఉద్యోగి అతని చెంప మీద కొట్టిందన్న మాట ఊరూరా పాకింది. ఆమె కాదంటూనే ఉంది. అయినా నెలల తరబడి నిర్బంధంలో గడిపింది. 2011 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆ కేసు కొట్టివేసింది. పేదవాని బండి లాక్కోవడం అనే అన్యాయానికి ఏ అలంకారమూ అవసరం లేదు. అది ఉన్నదున్నట్లు చెప్పినా చాలు.

'సెన్సారు ఉన్న చోట నిర్ధారణ ఎలా సాధ్యం?' అని కొందరు అడుగుతారు. 'వార్తలను బాధ్యులకు నివేదించమని అన్ నిసా సూరా 83వ ఆయతు చెబుతోంది కదా, ప్రజలకెందుకు?' అని మరికొందరు అంటారు. జాగ్రత్తగా గమనించండి. ఆ ఆయతు వార్తను పాతిపెట్టమని చెప్పడం లేదు. నిజానిజాలు తేల్చగలవారి దగ్గరకు చేర్చమంటోంది. తేల్చవలసినవారే దాచిపెడితే, బాధితుని సాక్ష్యం ఇంకెక్కడికి పోవాలి?

ఇక నిర్ధారణకు మన ముహద్దిసులు చూపిన దారి ఉంది. హదీసు చెప్పినవానిని వారు 'ఎవరి దగ్గర విన్నావు? ఆయన ఎవరి దగ్గర విన్నారు?' అని అడిగేవారు. పరంపర బలహీనంగా ఉంటే ఆ హదీసును జయీఫ్ అని స్పష్టంగా చెప్పేవారు. మనం చేయవలసిందీ అదే. కళ్లారా చూసినదాన్ని చూశామని చెప్పాలి. విన్నదాన్ని విన్నామనే చెప్పాలి. తెలియనిదాన్ని తెలియదనాలి. ఒక మనిషి మీద నింద మోపే మాటైతే, రుజువు దొరికేదాకా ఆపాలి. సెన్సారు వల్ల మన సాధనాలు తగ్గుతాయే తప్ప మన బాధ్యత తగ్గదు.

ఈ మాట మన ఇళ్లకూ వర్తిస్తుంది. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారంటూ 2018లో వాట్సాప్‌లో తిరిగిన పుకార్లకు మన దేశంలో, తెలంగాణలో కూడా, అమాయకులు బలైపోయారు. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే ఒక మనిషిని అబద్ధాలకోరు చేయడానికి చాలునన్న ప్రవక్త (సఅసం) హెచ్చరికను ఫార్వర్డ్ మీద వేలు పెట్టే ముందు గుర్తుచేసుకోండి. అలాగని, కళ్లెదుట జరిగిన అన్యాయానికి సాక్షులై ఉండి భయంతో నోరు మూసుకోకండి. వేలితో పంపిన మాటకూ, వేలు ఆపి దాచిన మాటకూ ప్రళయదినాన జవాబు చెప్పుకోవలసిందే.

సత్యాన్ని దాచని ధైర్యాన్ని, అసత్యాన్ని కలపని నిజాయితీని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.